ఆదివారం తేనెటీగలు

ఆపిల్ పండు కొరికి, నాలుగుసార్లు నమిలి, మింగకుండా పక్కకి ఉమ్మేసే మనిషిని నా జీవితంలో ఒక్కావిడనే చూశాను. అదీ ఒకటీ అరా కాదు. సెప్టెంబరు వచ్చిందంటే రోజుకి వందకి పైగా. పొద్దున ఎనిమిదింటికి తోటలోకి దిగితే భోజనం వేళ దాకా అదే పని. ఒక చెట్టు, ఒక కాయ, ఒక్క కొరుకు, పుస్తకంలో రెండు ముక్కలు, మళ్ళీ నడక. మొదటిరోజు ఆవిడ వెనక నడుస్తూ, ఎవరైనా చూస్తారేమోనని నేనే సిగ్గుపడ్డాను. మనవైపు ఆపిల్ అంటే జ్వరమొచ్చినవాళ్ళ మంచం పక్కన పెట్టే పండు. ముక్కలు కోసి ఇంటిల్లిపాదికీ పంచే పండు. దాన్నిలా ఉమ్మేస్తుంటే కళ్ళు పోతాయేమో అనిపించింది.

మొన్న శనివారం నోవై నుంచి ఫోనొచ్చింది, ఆవిడ పోయిందని. మేము మిషిగన్ వదిలి జార్జియాలోని అల్ఫారెట్టా వచ్చేసి రెండేళ్ళయింది. ఫోన్ చేసినావిడ అక్కడి తెలుగు చర్చిలో పాటలు పాడించే ఆమె. "నిద్రలోనే వెళ్ళిపోయారమ్మా. సర్వీసుకి హాలు పట్టలేదు. ఆవిడ ప్రార్థన గురించీ, చేసిన సాయాల గురించీ ఎంతమంది సాక్ష్యం చెప్పారో!" అంది.

"ఆపిల్ పళ్ళ గురించి ఎవరైనా చెప్పారా?" అని అడిగాను.

"ఆపిల్ పళ్ళేంటి?" అందామె.

అందుకని ఇది రాస్తున్నాను. ఆవిడ ఎక్కడ పుట్టింది, ఎప్పుడొచ్చింది, ఏ డిగ్రీలు చదివింది, ఇవన్నీ ఆ హాల్లో ఎవరో ఒకరు చదివే ఉంటారు. పేరు కూడా రాయను. చెట్టుకి నంబరుంటే చాలు, పేరు అమ్ముకునేవాళ్ళకి కావాలి అనేది ఆవిడ.

ఎనభైల మొదట్లో మా ఆయనకి డెట్రాయిట్ పక్కన కార్ల కంపెనీలో ఉద్యోగం. నా బయోకెమిస్ట్రీ చదువు ఏడాదిపాటు అపార్ట్‌మెంట్లో కూరలు తరగడానికి పనికొచ్చాక, నోవైకి గంట దూరంలో ఉన్న ఒక పళ్ళ పరిశోధనా కేంద్రంలో పని దొరికింది. చేరిన రోజున కారిడార్లో ఒక పొట్టి మనిషి ఎదురైంది. ప్యాంటు, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, తలకి స్కార్ఫు. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "తెలుగేనా?" అంది. అవునన్నాను. కోటు జేబులోంచి ఒక ఆపిల్ తీసి నా చేతిలో పెట్టింది.

"కొరుకు. ఎలా ఉంది?"

"బాగుందండీ."

"బాగుందంటే? పులుపు ముందొచ్చిందా, తీపి ముందొచ్చిందా? తొక్క పంటికి అడ్డం పడిందా?"

నాకేం తెలుస్తుంది? అన్నీ బాగున్నాయన్నాను.

"పెళ్ళిచూపుల్లో కూడా అంతా బాగుందనే చెప్పుంటావు నువ్వు. మళ్ళీ కొరుకు" అంది.

మేడమ్ అంటే ఒప్పుకోలేదు. "మేడమేంటి, అక్కయ్యా అను, సరిపోద్ది" అంది. అలా నాకు అమెరికాలో ఒక అక్కయ్య దొరికింది. నాకంటే పాతికేళ్ళు పెద్ద.

ఆవిడ పని కొత్తరకం ఆపిల్ చెట్లు పుట్టించడం. ఇందులో ఒక తమాషా ఉంది. ఆపిల్ గింజ నాటితే తల్లిచెట్టు మళ్ళీ రాదు. ప్రతి గింజా ఒక కొత్త మనిషే. దుకాణంలో ఒకే పేరుతో అమ్మే పళ్ళన్నీ ఎప్పుడో ఎవరికో దొరికిన ఒక్క చెట్టు నుంచి అంటుకడుతూ తెచ్చినవి. కాబట్టి కొత్తది కావాలంటే రెండు చెట్లని కలిపి, వందల గింజలు నాటి, ఏడెనిమిదేళ్ళు ఆగి, కాసిన ప్రతి కాయనీ కొరికి చూడాలి. వందలో తొంభైతొమ్మిది నోట్లో పెట్టలేం. పెట్టినా మింగలేం. మింగితే పదో కాయకే కడుపు నిండి, నాలుక మొద్దుబారి, పదకొండోది అన్యాయమైపోతుంది. ఉమ్మడం వెనకున్న శాస్త్రం ఇది. మధ్యమధ్యలో నోరు శుభ్రపడటానికి జేబులోంచి గుప్పెడు మరమరాలు తీసి నమిలేది. ఆ మరమరాలు డెట్రాయిట్లో ఒకే ఒక్క దుకాణంలో దొరికేవి, దానికోసం నెలకోసారి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళేది.

కాయల మీద ఆవిడ తీర్పులు నేను దొంగతనంగా రాసుకునేదాన్ని. "నీళ్ళు." "తడి సుద్దముక్క." "మొదట పలకరించి తర్వాత మొహం తిప్పుకుంటుంది." "ఫొటోకి పనికొస్తుంది, సంసారానికి కాదు." ఒక్కోసారి నమలడం ఆపి, కళ్ళు మూసుకుని, "ఆగాగు, వీడిలో ఏదో ఉంది" అనేది. అప్పుడు కూడా మింగేది కాదు. ఇంట్లో మాత్రం ఎప్పుడు చూసినా అరటిపళ్ళే.

మన పార్టీల్లో ఆవిడని అందరూ ఒకటే అడిగేవాళ్ళు. "మన ఆంధ్రాలో కాసే ఆపిల్ కనిపెట్టకూడదా అక్కయ్యగారూ?" అని. "మామిడి ఉండగా ఆపిలెందుకండీ, కొబ్బరినీళ్ళు పారబోసి కోక్ తాగినట్టు" అనేది. అడిగినవాళ్ళ చేతిలో సరిగ్గా కోక్ గ్లాసే ఉండేది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం ఉన్నవాళ్ళకి ఇంకో జవాబు. "ఏడేళ్ళు ఆగితే గానీ కాయ కాయదు. అంత ఓపిక మగాళ్ళకెక్కడిదండీ!"

ఏప్రిల్ నెల వచ్చిందంటే కుడిచేతి బొటనవేలి గోరు పెంచేది, ఆ ఒక్కటే. చర్చిలో ఆడవాళ్ళు ఏడిపించేవాళ్ళు, ఫ్యాషన్ ఒక్క వేలికేనా అని. అది ఆవిడ పనిముట్టు. ఆపిల్ మొగ్గ రేపు విచ్చుకుంటుందనగా, ఉబ్బి తెల్లగా ఉన్నప్పుడు, ఆ గోటితో చుట్టూ ఒక్కసారి గిల్లితే రేకులూ, పుప్పొడి ఉండే కేసరాలూ కలిసి ఊడొచ్చేస్తాయి. మధ్యలో ఆడభాగం ఒక్కటే మిగులుతుంది. దానికి మనకి కావలసిన తండ్రి చెట్టు పుప్పొడి వేలితో అద్దితే పని అయిపోయినట్టే. ఆ గోటి విసురు చూడ్డానికి బఠాణీలు వొలిచినంత తేలిక. నేను ప్రయత్నిస్తే మొగ్గ మొత్తం చేతికొచ్చేది.

ఇంక ఆదివారం సంగతి. ఆదివారం ఆవిడ పని చేయదు. వంట కూడా శనివారమే వండి పెట్టుకునేది. పెన్ను పట్టేది కాదు, బిల్లు కట్టేది కాదు, తోటవైపు తొంగి చూసేది కాదు. తెల్లచీర కట్టుకుని గంట డ్రైవ్ చేసి, ఒక అమెరికన్ చర్చివాళ్ళు ఇచ్చిన బేస్‌మెంట్ హాల్లో తెలుగు ఆరాధనకి వచ్చేది. నేను క్రిస్టియన్ని కాకపోయినా అప్పుడప్పుడూ వెళ్ళేదాన్ని. తర్వాత పెట్టే బిర్యానీ కోసం అని ఆవిడే అందరికీ చెప్పేది. నిజం కూడా అదే.

ఆవిడ పదేళ్ళ పని అంతా ఒక్క ప్రశ్న చుట్టూ నడిచింది. మిషిగన్లో మే నెలలో పూత విచ్చాక ఒక్కరోజు మంచు పడితే చాలు, ఆ ఏడాది పంట పోయినట్టే. కానీ తోట చివర ఒక వంకర చెట్టుండేది. కాయ చేదు, నోట్లో పెట్టలేం. మిగతా చెట్లన్నీ పూసి రేకులు రాల్చాక, మంచు భయం తీరాక, తీరుబడిగా అప్పుడు పూసేది. ఈ ఆలస్యం ఎక్కడినుంచి వచ్చింది, పిల్లలకి ఎలా సంక్రమిస్తుంది? ఇదీ ఆవిడ ప్రశ్న. డెబ్భైల మధ్యలో ఒక వసంతంలో ఆ వంకర చెట్టు పుప్పొడి దాచి, మరుసటి ఏడు మంచి కాయ కాసే ఒక తల్లిచెట్టు పూలకి అద్ది, వచ్చిన గింజలన్నీ నాటింది. త్వరగా పూతకి రావడానికి చేయగలిగిన సేవలన్నీ చేసింది. నేను చేరేనాటికి అవి పూతకొస్తున్నాయి. రోజూ పొద్దున ఏ చెట్టు ఎప్పుడు విచ్చిందో రాసుకునేది.

తండ్రిలో ఆ గుణం ఒక్క జన్యువు వల్ల వచ్చిందైతే పిల్లల్లో సగానికి రావాలి. ఆవిడ తోటలో పావువంతుకే వచ్చింది. అందుకని రెండు జన్యువులు కలిసొస్తేనే చెట్టు ఆలస్యంగా పూస్తుందని ఆవిడ తేల్చింది. మా డైరెక్టరు, తెల్ల మీసాల పెద్దాయన, ఒప్పుకునేవాడు కాదు. ఒక్కటే జన్యువు, నీ లెక్కలో ఎక్కడో తేడా ఉంది అనేవాడు. భోజనాల దగ్గర ప్రతి ఏడూ ఇదే యుద్ధం. ఆవిడ స్పూను పక్కన పెట్టి, చెట్లని లెక్కపెట్టింది నేనా మీరా అని ఇంగ్లీషులో నిలదీసేది. ఆయన నవ్వి కాఫీ తెచ్చుకునేవాడు. మూడో ఏడాది పూత కూడా చూసుకుని, ఆవిడ తన మాట మీద వ్యాసం రాసి పత్రికకి పంపింది. వాళ్ళు వేస్తామన్నారు. ఆవిడని అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు. ఆ వారం కాయలు ఉమ్ముతూ కూనిరాగం తీసింది.

సరిగ్గా అప్పుడే నా గంజి పలకలు మొదలయ్యాయి. ఆ పేరు ఆవిడ పెట్టిందే. ఆకు నూరి రసం తీసి, పిండిని గంజిలా కాచి గడ్డకట్టించిన పలక మీద పెట్టి, కరెంటు పంపి, రంగు వేస్తే ఎంజైములు చారలు చారలుగా కనిపిస్తాయి. బిడ్డలో ఉన్న ప్రతి చారా తల్లిలోనో తండ్రిలోనో ఉండి తీరాలి. ఆ రోజుల్లో అది కొత్త పద్ధతి. దాని మీద చేయి తిరగడానికి నాకు వంశం కచ్చితంగా తెలిసిన చెట్లు కావాలి. ఆవిడ చెట్లకంటే కచ్చితమైనవి ఎక్కడ దొరుకుతాయి?

మొదటి పలకలోనే కొన్ని చెట్లలో తల్లిదీ కాని, తండ్రిదీ కాని చార కనిపించింది. నా చేతి పొరపాటు అనుకున్నాను. మళ్ళీ చేశాను. ఇంకో నాలుగు ఎంజైములకి చేశాను. చార పోలేదు. పైగా అది తోటంతా లేదు. తూర్పువైపు వరుసల్లోనే ఉంది. అక్కడి చెట్లలో ముప్పాతిక వంతు ఆ వంకర చెట్టు పిల్లలు కావు. ఎవరి పిల్లలో.

వారం రోజులు ఆ ఫొటోలు హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని తిరిగాను. మా ఆయనకి చెబితే, "ఆవిడ పేపర్ ఆల్రెడీ యాక్సెప్ట్ అయిపోయింది కదా? ఇప్పుడు నువ్వెళ్ళి డిస్టర్బ్ చేయడమెందుకు? నీదింకా టెంపరరీ జాబ్" అన్నాడు. ఆయన చెప్పింది నిజమే కాబట్టి నాకు ఇంకా కోపమొచ్చింది. పదేళ్ళు ఒక మనిషి పెంచి, రోజూ పొద్దున లేచి లెక్కపెట్టిన చెట్లని, నిన్నగాక మొన్న వచ్చిన నేను కాదనడమా? చెప్పకపోతే ఆ అబద్ధం ఆవిడ పేరుతోనే అచ్చవుతుంది. భయపడుతూనే వెళ్ళాను.

ఆవిడ గదిలో టిఫిన్ డబ్బా విప్పుతోంది. ఫొటోలు బల్ల మీద పరిచి, చెప్పాల్సింది గబగబా చెప్పేశాను. ఆవిడ ఒక్కొక్కటే తీసి వెలుతురుకి పెట్టి చూసింది. మొహం ఎర్రబడింది.

"నీ గంజి ముక్క చెబితే నా చెట్లు అబద్ధమా?"

"అది కాదక్కయ్యా, మూడుసార్లు..."

"ముప్ఫైసార్లు చేసుకో. నువ్వింకా పాలపళ్ళ పిల్లవి. వెళ్ళు, నన్ను అన్నం తిననీ."

ఏడుపొచ్చింది. కారులో కూర్చుని నిజంగానే ఏడ్చాను.

మర్నాడు పొద్దున నా బల్ల మీద ఇరవై కాగితపు పొట్లాలున్నాయి. ఒక్కోదానిలో ఒక్కో ఆకు. పైన ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు తప్ప ఏ చెట్టుదో, ఏ వరుసదో లేదు. ఆవిడ తెల్లారకముందే వెళ్ళి కోసుకొచ్చి నాకు పరీక్ష పెట్టింది. రెండు రోజులు పట్టింది. మన పిల్లలు కానివాటికి సున్నా చుట్టి కాగితం తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ సొరుగులోంచి తన జాబితా తీసి, రెండూ పక్కపక్కన పెట్టి, వేలితో ఒక్కొక్క అంకె చూసుకుంటూ కిందిదాకా వచ్చింది. సున్నాలన్నీ తూర్పు వరుసల్లోవే.

"ఒక్కటి కూడా పడమటిది పడలేదు" అంది మెల్లగా. తర్వాత, "మొన్న నిన్ను అలా అనకుండా ఉండాల్సింది" అంది.

పుప్పొడి అద్దిన వసంతం నాటి నోట్‌బుక్ బీరువాలోంచి తీసింది. పడమటి వరుసల గింజలు వారం మధ్యలో చేసినవి. పొద్దున గిల్లి, మధ్యాహ్నానికే పుప్పొడి అద్దేసింది. తూర్పు వరుసలవి శనివారానివి. ఆ శనివారం ఎండకి పూతంతా ఒక్కసారిగా ఉబ్బితే, పొద్దుగూకేదాకా ఒక్కతే గిల్లింది. అద్దడానికి వేళ మిగల్లేదు. శనివారం గీతలో, కేసరాలు తీశాను అని ఉంది. దాని కింద గీత ఖాళీ. ఆ కింద సోమవారం, పుప్పొడి పెట్టాను అని ఉంది.

ఆ ఖాళీ గీత మీద వేలు పెట్టింది.

"గిల్లిన పూలకి సంచులు కట్టలేదా అక్కయ్యా?" అన్నాను.

"ఎవరూ కట్టరు. రేకులు తీసిన పువ్వు మీద తేనెటీగ వాలదు. రేకులే దానికి సైన్‌బోర్డు, అది లేకపోతే దారి తెలీదు."

"అని ఎవరన్నారు?"

"అందరూ అంటారు. నాకు నేర్పినాయన అన్నాడు. ఆయనకి నేర్పినాయనా అనే ఉంటాడు." నన్ను కాదు, కిటికీనే అడుగుతున్నట్టు అంది. "మరి ఎవరన్నా కూర్చుని చూశారా? నేనైతే చూళ్ళేదు. అందరికీ చెప్పాను గానీ."

ఆ ఏడాది కంచె అవతలి తోటవాళ్ళు తేనెపెట్టెలు అద్దెకి తెచ్చి పెట్టించుకున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది ఆవిడకి. ఆదివారం ఆవిడ చర్చిలో ఉంది. ఈగలకి ఆదివారం లేదు.

నేను ఊహించినదేదీ ఆవిడ చేయలేదు. ఏడవలేదు. దేవుణ్ణి తలుచుకోలేదు. నోట్‌బుక్ నా ముందుకి తోసి, "తూర్పువి వదిలేసి లెక్కపెట్టు. నేను పెడితే నాకు కావలసినట్టు వస్తుంది" అంది. లెక్కపెట్టాను. మిగిలిన చెట్లలో ఇంచుమించు సగం ఆలస్యంగా పూసినవి, సగం మామూలువి. ఒక్కటే జన్యువు. డైరెక్టరు ఇన్నేళ్ళూ కాఫీ తాగుతూ చెప్పిందే.

ఆ సాయంత్రమే పత్రికకి ఉత్తరం టైపు చేసింది, నా వ్యాసం వెయ్యొద్దు, అది తప్పు అని. అందులో కారణం కూడా రాసింది. నేను చదివి, ఆదివారం సంగతి వాళ్ళకెందుకు అక్కయ్యా, ఈగలని రాస్తే చాలదా అన్నాను. "ఈగలేం తప్పు చేశాయి?" అంది.

మరుసటి వారం కాయల పని మళ్ళీ మొదలైంది. తూర్పు వరుసలకి రాగానే నేను తప్పించుకుందామని చూశాను. ఆవిడ తప్పించుకోలేదు. ప్రతి చెట్టు దగ్గరా ఆగి, కొరికి, ఉమ్మింది. ఒకచోట నమలడం ఆపి కళ్ళు మూసుకుంది. "ఎవడి కొడుకో గానీ మంచివాడే" అని పుస్తకంలో రాసుకుంది. తండ్రి పేరు రాసేచోట ఒక గీత గీసింది.

చలికాలం మీటింగులో అందరి ముందూ లేచి నిలబడి తన లెక్క తప్పని చెప్పింది. డైరెక్టరుని చూసి, మీరన్నది నిజం, ఇన్నేళ్ళూ మీ కాఫీ చల్లార్చినందుకు క్షమించండి అంది. అందరూ నవ్వారు, ఆయన నవ్వలేదు. పాపం మంచివాడు. గెలిచినందుకు ఆయనే ఎక్కువ ఇబ్బంది పడ్డాడు. ఇక నుంచి పూత రోజుల్లో ఆదివారం మీ బదులు ఇంకెవరినైనా పంపుతాను అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. తను చేయని పని తన కోసం ఇంకొకరు చేయడం కూడా బైబిల్లోని విశ్రాంతిదినపు ఆజ్ఞ ఒప్పుకోదని చెప్పింది. తర్వాత నాతో తెలుగులో, "ఆదివారం మానడం తప్పు కాదమ్మాయ్. సంచి కట్టకుండా వెళ్ళడం తప్పు. ఇకమీద ప్రతి పువ్వుకీ కడతాను, చేతులు పడిపోయినా సరే" అంది.

అంతటితో అయిపోయిందనుకున్నాను. అయిపోలేదు. ఆ చలికాలమంతా ఆవిడని ఒకటే పురుగు తొలిచింది. గంజి పలక పిల్లల్ని చూసి చెప్పింది గానీ, ఈగ నిజంగా వాలుతుందా? ఎన్ని వాలతాయి? దేన్ని చూసి వాలతాయి, వాసనా? పైగా తప్పు జరిగింది ఆదివారం కాబట్టి, పక్కతోట పెట్టెల ఈగల్ని చూడాల్సిందీ ఆదివారమే. చలికాలం పోయాక పూత సరిగ్గా మళ్ళీ శనివారం ఉబ్బింది. చర్చి పాస్టరుగారికి ఫోన్ చేసి, "చూస్తూ కూర్చోవడం పని కిందికి వస్తుందా అయ్యగారూ?" అని అడిగిందట. ఆయన ప్రార్థన చేసి చెబుతానన్నాడు. ఇంతవరకూ చెప్పలేదు.

ఆ శనివారం ఒక కొమ్మ పూలన్నీ గిల్లి, సంచులు కట్టకుండా వదిలేసింది. ఆదివారం ఆరాధన అవగానే బిర్యానీకి కూడా ఆగకుండా బయల్దేరింది. ఈ మనిషి ఏం చేస్తుందో చూడాలన్న ఆత్రం పట్టలేక నేను నా కారులో వెనకే వెళ్ళాను. తెల్ల పట్టుచీర, కింద రబ్బరు బూట్లు, పైన కోటు. మడతకుర్చీ వేసుకుని ఆ కొమ్మ ముందు కూర్చుంది. చేతిలో నోట్‌బుక్ లేదు, పెన్ను లేదు. ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకోవడం ఆవిడకి చేతకాలేదు. కొంగు చివర చుడుతూ, విప్పుతూ ఉంది. ఇంకో కుర్చీ ఉంది. నేనూ కూర్చున్నాను.

గంటసేపు ఏమీ లేదు. పక్క చెట్టు నిండు పూత మీద ఈగలు జుమ్మని తిరుగుతున్నాయి, మా కొమ్మకేసి ఒక్కటీ రావడం లేదు. నేర్పినవాళ్ళు చెప్పిందే నిజమేమో, నా పలకే అబద్ధమేమో అనుకున్నాను. అప్పుడొకటి వచ్చింది. కొమ్మ చుట్టూ తిరిగింది, వెళ్ళిపోతున్నట్టు వెళ్ళి, వెనక్కొచ్చి, రేకుల్లేని పువ్వు మీద వాలింది. కడుపు నిండా తేనె తాగింది. దాని కాళ్ళకి పచ్చగా, ఎవరి తోటదో, పుప్పొడి.

ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ఆ గోరు గుచ్చుకుంది.

"ఎంత ముద్దుగా ఉందో చూడవే" అంది. పదేళ్ళ పనిని నాశనం చేసిన దాన్ని చూసి.

"రాసుకోనా అక్కయ్యా?" నా బ్యాగులో పెన్నుంది.

"వద్దు. రేపు. మనసులో లెక్కపెట్టుకో. నాతో చెప్పకు, నేనూ చెప్పను."

ఎండ తగ్గేదాకా కూర్చున్నాం. ఉప్పు తెమ్మని కొట్టుకి పంపితే దారంతా ఉప్పు, ఉప్పు అనుకుంటూ పోయే పిల్లలాగా, ఇల్లు చేరేదాకా పదకొండు, పదకొండు అనుకుంటూ డ్రైవ్ చేశాను.

సోమవారం ఎనిమిదింటికి ఆవిడ నోట్‌బుక్ తెరిచి, పెన్ను మూత తీసి, చెప్పు అంది.

"పదకొండు."

"నాకు పదహారు వచ్చాయి" అంది.

ఆవిడ కళ్ళు నా కళ్ళకంటే మంచివని మా కేంద్రంలో అందరికీ తెలుసు. ఎక్కడో నేనే ఏమరుపాటున వదిలేసి ఉంటాను, మీదే రాయండి అన్నాను. ఆవిడ పెన్ను కాగితానికి ఆనించలేదు.

"లేదమ్మాయ్. ఇన్నేళ్ళూ వాలదని గట్టిగా చెప్పాను కదా. ఇప్పుడు నా తప్పు ఎంత పెద్దదైతే అంత బాగుండునని కూర్చున్నాను నిన్న. అటు తిరిగినవాటిని కూడా వాలినట్టే లెక్కపెట్టుంటాను."

ఒత్తిపట్టి, నెమ్మదిగా, నా పదకొండు రాసింది.